చెన్నమ్మ చూడని చావు

జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో గురులింగప్ప చావును చూడనివాళ్లు తక్కువ. మొగుడంపల్లిలో చూశారు, రాయికోడ్‌లో చూశారు, సరిహద్దు దాటి అటు కన్నడ ఊళ్లలోనూ చూశారు. చూసి, చెంగులతో కళ్లొత్తుకుని, ఇళ్లకు పోయి అన్నాలు తిన్నారు. సరిగ్గా చూడలేనిది ఒక్క చెన్నమ్మ. ఆమె ఆయన భార్య.

రాజు వేషం వేసేవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. కొంచెం జరీ బట్ట, ఒక మీసం, కాస్త గొంతు ఉంటే ఎవడైనా అర్ధగంట సేపు రాజే. చచ్చే రాజు దొరకడమే కష్టం. రంగం మీద చావు చూపించకూడదని మన పాత నాటకశాస్త్రం తెలిసినవాళ్లు కట్టడి చేశారు. అమంగళమని చేశారంటారు గానీ, సరిగ్గా చచ్చే నటులు దొరక్క చేసి ఉంటారని కూడా అనుకోవచ్చు. చచ్చినవాణ్ణి దోమ కుడుతుంది. తుమ్ము వస్తుంది. ముందు వరసలో ఎవరో పిల్ల "అమ్మా, రాజు కండ్లు తెరిసిండు" అంటుంది. అంతే, రాజ్యం కూలిపోతుంది.

గురులింగప్పను దోమలు కుట్టేవి గానీ ఆయన చలించేవాడు కాదు. మొగుడంపల్లి దగ్గర అల్లం పండించే రైతు. ఇల్లు మాత్రం జహీరాబాద్‌లో, ముంబై లారీల హోరు రాత్రింబవళ్లు వినబడేటంత దగ్గర్లో. పద్దెనిమిదో ఏట గుండయ్య బృందంలో చేరాడు. చేతుల్లో చెక్క చిరుతలు మోగిస్తూ, గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ ఆడే ఆట వాళ్లది. కథ గుండయ్యే కట్టాడు: ఇంద్రసేన మహారాజు కథ. మూడు పాళ్లు తెలుగు, ఒక పాలు కన్నడం, రాజుకు కోపమొచ్చిన చోట ఉర్దూ. చిన్నరాణి విషం కలిపిన తాంబూలం తెచ్చి ఇస్తుంది. అందులో విషముందని రాజుకు తెలుసు. కానీ ఆమె తన చేత్తో ఏదైనా ఇవ్వడం అదే మొదలు. అందుకని తింటాడు. గుండయ్య బడికి పోయినవాడు కాదు గానీ, ఈ ఒక్క ముక్క కట్టినందుకు ఆయన్ను కవి అనక తప్పదు.

చిన్నరాణి వేషం మాణిక్‌ది. మామూలు రోజుల్లో పాల డబ్బాలు మోసే మనిషి. వేసవి రాగానే మీసం తీసేసేవాడు. చెన్నమ్మ అతన్ని పేరు పెట్టి పిలిచేది కాదు.

"ఏమే సవతీ, పొద్దుగాల్నే ఒచ్చినవ్?"

"ఏం జెయ్యాలె అక్కా, మన మొగుడు యాదికొచ్చిండు. లేసిండా?"

"లేసిండు. పాలల్ల నీళ్లు జర తక్కువ పొయ్యి. విషం పోసినా రాజు తాగుతడు గని, నీళ్లు పోస్తె నేను తాగ."

బృందానికి ఉన్నది ఒకటే కిరీటం. అట్టకు బంగారు కాగితం అతికించి అద్దం బిళ్లలు కుట్టింది. అది నలిగితే ఆ ఏడాదికి రాజ్యం లేనట్టే. అందుకని గురులింగప్ప చావుకు ఒక పద్ధతి ఉండేది. తాంబూలం నమిలి, వెనక్కి తూలి, ఎడమ మోకాలి మీద కూలి, కుడిచెయ్యి పైకెత్తి తల వెనక్కి తీసుకుపోయి, అప్పుడు ఒరిగేవాడు. చూసేవాళ్లకు అది ఆకాశాన్ని నిలదీస్తున్న చెయ్యిలా కనబడేది. నిజానికి అది కిరీటాన్ని పట్టుకున్న చెయ్యి. ఆ సంగతి ఆయనకూ, ప్రతి ఆటకు ముందూ ఆ అద్దాలు తుడిచి ఇచ్చే చెన్నమ్మకూ తప్ప ఎవరికీ పట్టలేదు. జనం వన్స్ మోర్ అంటే లేచి దణ్ణం పెట్టి, ఇంకో తాంబూలం నమిలి ఇంకోసారి చచ్చేవాడు.

ఇక రాయికోడ్ సంగతి.

ముప్పై ఏళ్ల కిందటి మాట. వైశాఖమాసం. గుండయ్య బృందం వేసవిలో పగటిపూటే ఆడేది. పొద్దెక్కాక మొదలుపెట్టారు. రాజు చావు దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఒంటి మీద జరీ కోటు, మొహాన ముద్దరంగు. వేషం కట్టాక గురులింగప్ప మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. మాణిక్ తాంబూలం అందించాడు. రాజు నోట్లో పెట్టుకున్నాడు. పడ్డాడు.

నరికిన చెట్టు పడ్డట్టు పడ్డాడు. జనం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తర్వాత ఈలలు వేశారు. వన్స్ మోర్ అన్నారు. రాజు లేవలేదు. "అబ్బ, ఏం సచ్చిండురా!" అన్నాడొకడు. మాణిక్‌కు ఏం చేయాలో తోచక చిన్నరాణి పాటను ఇంకో చరణం సాగదీశాడు.

ఆడవాళ్ల మధ్య, ఒళ్లో పసికూతురు అక్షతతో కూర్చున్న చెన్నమ్మకు మాత్రం ఒకటే కనబడింది. చెయ్యి వెనక్కి పోలేదు. కిరీటం రాజు తలకింద పడి చదునుగా నలిగిపోయింది.

పిల్లను పక్కావిడ ఒళ్లో పడేసి ఆటలోకి పరుగెత్తింది. జనం ఆమెను పెద్దరాణి అనుకున్నారు. "గీమె ఎవర్రా, మంచిగ ఏడుస్తున్నది" అని ఆమెకూ చప్పట్లు కొట్టారు. ఆమె కుండెడు నీళ్లు తెచ్చి రాజు మొహాన గుమ్మరించి, "సాకు! సాకు మీ ఆట! ఇగ చాలు, బండి కట్టున్రి!" అని సగం కన్నడంలో సగం తెలుగులో అరిస్తే గానీ ఆ చప్పట్లు ఆగలేదు.

వడదెబ్బ. దవాఖానలో సూదులు పొడిచి, సెలైన్ ఎక్కించి, బతికించి పంపారు. ఊళ్లో పేరు మాత్రం అప్పుడు మొదలైంది. రాయికోడ్‌లో ఇంద్రసేన మహారాజు చచ్చినట్టు ఇంకెవరూ చావలేరని ఇప్పటికీ ముసలివాళ్లు చెప్పుకుంటారు. గురులింగప్పకు అందులో ఒక్క ముక్క జ్ఞాపకం లేదు. ఒక నటుడికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది? జీవితం మొత్తంలో ఆయన్ను అందరూ మెచ్చుకున్న ఘట్టం ఆయన లేనప్పుడు జరిగిపోయింది.

ఆ తర్వాత కూడా చెన్నమ్మ ఆటలకు వచ్చేది. కొత్త కిరీటానికి అద్దాలు తుడిచేది. మాణిక్ చేతికి తాంబూలం రాగానే లేచి తెర వెనక్కి పోయి, ఆటకు వీపు పెట్టి నిలబడేది. గురులింగప్ప వచ్చి "లేసిన" అనేదాకా అటు తిరిగేది కాదు.

గురులింగప్పకు ఈ ప్రపంచం మీద పెద్ద కోరికల్లేవు. అల్లానికి ధర రావాలి, వచ్చినప్పుడు సంతోషం. కానీ ఒకటి మాత్రం లోపల ముల్లులా ఉండిపోయింది. రాయికోడ్ రాయికోడంతా మోసపోయిన రోజున మోసపోని మనిషి ఒక్కతే ఉంది. నిజం చావుకూ ఆట చావుకూ తేడా తెలిసిన కళ్లు ఆ రెండే. ఆ కళ్లు ఒక్కసారి తన చావును, తాను ఆడిన చావును చూసి, బాగుందనాలి. మిగతావాళ్లు వేలమంది చప్పట్లు కొట్టినా అవి లెక్కలోకి రావు.

"ఒక్కసారి సూడరాదే చెన్నీ."

"సూసిన గద, రాయికోడ్ల."

"అది నేను జేసింది గాదే!"

"ఎవరు జేసిన్రో. సూసిన. సాకు."

ఏళ్లు గడిచాయి. గుండయ్య పోయాడు. చిరుతలు పట్టే చేతులు తగ్గాయి. కొందరు ట్రాక్టర్ ఫ్యాక్టరీ షిఫ్టుల్లో కుదురుకున్నారు, కొందరు చెరకు లారీలు ఎక్కారు. ఆట ఏడాదికి ఒకటైంది, తర్వాత అదీ లేదు. నాటకాలు ఎప్పుడూ ఒక్క రోజున చచ్చిపోవు. ఒక ఏడు వానాకాలం తొందరగా వచ్చిందని, ఒక ఏడు ఎలక్షన్లని వాయిదా పడతాయి. ఎవరూ ఆపకుండానే ఆగిపోతాయి.

అప్పుడు టౌన్లో కుర్రాళ్లు ఫోన్లతో హాస్యం వీడియోలు తీయడం మొదలుపెట్టారు. వాళ్లకు ఒక కోపిష్టి పటేల్ కావలసి వచ్చింది. గురులింగప్ప ఉర్దూలో తిట్టిన తిట్లు లక్షల మంది చూశారు. హైదరాబాద్‌లో సినిమావాళ్లూ చూశారు. పిలిచారు. తీరా పోతే ఫొటో తీసుకుని పంపించేశారు. కథానాయకుడి ఇంట్లో గోడకు వేలాడే తండ్రి ఫొటో అది, దండ వేసి.

ఒకనాడు టీవీలో ఆ సినిమా వచ్చింది. చెన్నమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తింది. గోడ మీద మొగుడు, మెడలో దండ, ముందు అగరొత్తి. లేచి టీవీ కట్టేసింది. పెరట్లో ఉన్న మనిషిని చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చి, పీట మీద కూర్చోబెట్టి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా ఘాటు. ఇద్దరికీ దగ్గు.

"ఫొటోకు కూడ దిష్టి దీస్తారే?" అన్నాడాయన దగ్గుతూ.

"ఫొటోకు గాదు. నీ తెలివికి."

ఆ తర్వాత చిన్న చిన్న వేషాలు వచ్చాయి. బస్సులో కిటికీ పక్క ముసలాయన, పంచాయతీలో తలూపే పెద్దమనిషి. మాటలు మాత్రం లేవు. అరవయ్యో పడి దాటాక, ఇక ఇంతే అనుకున్న రోజుల్లో, వికాస్ అనే కుర్ర దర్శకుడు కారేసుకుని ఇంటికే వచ్చాడు. సరిహద్దు ఊళ్లో అల్లం వ్యాపారి కథ. పేరు వీరేశ్ సావుకారి. సినిమాలో సగం దాకా ఆయన మాట్లాడతాడు, తిడతాడు, నవ్వుతాడు. ఇంటర్వెల్ అయ్యాక చచ్చిపోతాడు.

మొదటి రోజు చావు రిహార్సల్లో గురులింగప్ప పద్ధతిగా తూలి, మోకాలి మీద కూలి, చెయ్యి తల వెనక్కి తీసుకుపోయాడు. లేని కిరీటాన్ని పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాపుకున్నారు. వికాస్ నవ్వలేదు. పక్కన వచ్చి కూర్చున్నాడు.

"అంకుల్, ఇక్కడ చివరి వరస లేదు. కెమెరా మీ గడ్డం కింద ఉంటుంది. మీరు చావకండి. అరుగు మీద కూర్చుని కొడుకుల మాటలు వినండి, అంతే. వింటూ వింటూ, వినడం ఆపేయండి."

గురులింగప్ప ఆ ముక్కను వారం రోజులు నమిలాడు. నలభై ఏళ్లుగా ఆయనకు చావంటే చేసే పని. ఇప్పుడు మానేసే పని అయింది. ఇంట్లో చాయ్ సాసర్ పట్టుకుని, కూతురు అక్షత ఏదో చెబుతుంటే వింటూ, మెల్లగా వినడం మానేసేవాడు. "నాన్నా, నేను గోడకు జెప్తున్ననా?" అని ఆమె విసుక్కునేది. ఆయన లోలోపల సంబరపడేవాడు.

షూటింగ్ రోజున, చాయ్ తాగేవేళ, వికాస్ శవాన్ని ఎలా పడుకోబెట్టాలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గురులింగప్ప ఊరుకోలేకపోయాడు.

"సార్, మా లింగాయతులల్ల పండుకోబెట్టరు. గోడకు ఆనిచ్చి కూసోబెడ్తరు. ఒంటికి విభూతి, చేతిల లింగం. కూసునే పోతరు మట్టిలకు."

వికాస్ కళ్లు మెరిశాయి. "ఇది నాకెవరూ చెప్పలేదు అంకుల్!" అని అప్పటికప్పుడు అంతా మార్చేశాడు. గురులింగప్పే దగ్గరుండి విభూతి ఎక్కడెక్కడ పెట్టాలో చూపించాడు. అంతా అయ్యాక సినిమావాళ్ల ఆచారం ప్రకారం, శవం వేషం వేసినవాణ్ణి లేచి నవ్వమని కెమెరా ఇంకోసారి తిప్పారు. ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. అల్లానికి మంచి ధర వచ్చిన ఏడు కూడా అంత ఆనందంగా ఇంటికి రాలేదు.

చెన్నమ్మ గుమ్మంలోనే ఉంది. ఆమె మొహమూ వెలుగుతోంది.

"కాళ్లు కడుక్కోని రా. నీకొక మాట చెప్పాలె. నేను మస్తు సోంచాయించిన. ఈ సినిమా సూస్త."

గురులింగప్పకు చెంబు చేతిలోంచి జారింది.

"సావు గూడ సూస్త. ఎందుకంటవా? సినిమాలల్ల సచ్చినోళ్లను పండుకోబెడ్తరు. మనోళ్లను పండుకోబెట్టరు గద. పండుకోబెట్టిన్రంటే అది నువ్వు గాదు, ఎవడో వేరేటోడు. ఇన్నేండ్లు నాకు ఇది తట్టనేలేదు సూడు!"

ఆయన కాళ్లు కడుక్కున్నాడు. కడిగిన కాళ్లే మళ్లీ కడుక్కున్నాడు.

"ఏందయ్యా, మాట్లాడవ్? పండుకోబెట్టిన్రు గద?"

"కూసోబెట్టిన్రు."

"వాళ్లకెట్ల ఎరుక?"

ఆయన చెంబు బోర్లించాడు.

"ఎవరు జెప్పిన్రు వాళ్లకు?"

"నేనే చెప్పిన."

 చెన్నమ్మ కన్నడంలో ఒక మాట అంది. అది ఇక్కడ రాయదగింది కాదు.

"లేసి నవ్వింది గూడ తీసిన్రే" అన్నాడాయన వెనక నడుస్తూ.

"అది సినిమాల సూపెడ్తరా?"

"సూపెట్టరు."

"మరి?"

మర్నాడు మాణిక్ పాలతో వచ్చి విషయమంతా విన్నాడు. ఇప్పుడు అతనికి తెల్లటి గుబురు మీసం. "మహారాజా, నేను ఇన్నేండ్లు విషం పెట్టినా నీ ఆట చెడగొట్టలే. నువ్వు ఒక్క చాయ్ మీద చెడగొట్టుకున్నవ్" అన్నాడు.

సినిమా విడుదలైన రోజున అందరూ టౌన్లోని హాలుకు పోయారు. చెన్నమ్మ కూడా వచ్చింది, షరతు మీద. "అండ్ల తాంబూలం లేదు గద, నాకెట్ల తెలుస్తది ఎప్పుడు లేవాలెనో? నువ్వే చెప్పాలె. చెప్తనంటేనే ఒస్త." చెప్తానని ఆయన మాటిచ్చాడు.

మొదటి సగం చెన్నమ్మ బాగానే చూసింది. తెర మీద సావుకారి లారీ డ్రైవర్‌ను ఉర్దూలో కడిగేస్తుంటే, "ఇంట్ల నా ముంగట పిల్లి లెక్క ఉంటడు" అని పక్కనున్న అక్షతతో అంది. ముందు వరసల్లో మాణిక్ ఈల వేశాడు. ఇంటర్వెల్లో ముగ్గురు ఆడవాళ్లు వచ్చి ఆమె చేతులు పట్టుకుని, మీ ఆయన బాగా చేశాడని చెప్పి పోయారు. చెన్నమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది.

రెండో సగం నడుస్తోంది. తెర మీద సాయంకాలమైంది. సావుకారి అరుగు మీదికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కోడలు చాయ్ తెచ్చి ఇచ్చింది. కొడుకులిద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

ఇదే.

గురులింగప్ప పక్కకు చూశాడు. చీకట్లో చెన్నమ్మ మొహం మీద తెర వెలుగు కదులుతోంది. ఆమె ముందుకు వంగి, నోరు కాస్త తెరిచి, లీనమైపోయి చూస్తోంది. ఆమెకు తెలియదు. ఇందులో తూలడం లేదు, పాట లేదు. ఊరుకుంటే చాలు. ఇంకాసేపు నోరు మూసుకుని కూర్చుంటే, ముప్పై ఏళ్లుగా ఆయన అడుగుతున్నది ఆమెకు తెలియకుండానే జరిగిపోతుంది. తర్వాత తిడుతుంది. తిట్టనీ. తిట్లు ఆయనకు కొత్తా?

తెర మీద చిన్నకొడుకు పొలం మాట ఎత్తాడు. సావుకారి వింటున్నాడు.

గురులింగప్ప మోచేత్తో ఆమెను తట్టాడు. "చెన్నీ. లే."

ఆమె ఉలిక్కిపడి, కొంగు తల మీదికి లాక్కుని, కాళ్లు తొక్కుకుంటూ వరసలోంచి బయటపడింది. తలుపు దాకా పోయేదాకా చూసి, ఆయన కూడా లేచాడు. "నాన్నా, నువ్వెక్కడికి? నీ సీనే!" అని అక్షత చొక్కా పట్టుకుంది. విడిపించుకుని పోయాడు.

బయట వరండాలో సమోసాల గాజుపెట్టె దగ్గర చెన్నమ్మ, హాలుకు వీపు పెట్టి నిలబడి ఉంది. పక్కన అలికిడికి తిరిగి చూసింది.

"నువ్వెందుకు ఒచ్చినవ్?"

"ఊకెనే."

"లోపల నువ్వు లేకుంటే ఎట్ల?"

"లోపల గూడ ఉన్న గదనే."

చెన్నమ్మ ఆయన మొహం చూసింది. తలుపు వంక చూసింది. లోపలి నుంచి కొడుకు గొంతు వినబడుతోంది. మళ్లీ ఆయన మొహం చూసింది. గడ్డం గీసుకోలేదు, బుగ్గన సున్నంలా తెల్లటి మొలకలు. చొక్కా గుండీ ఒకటి పైది కిందికి పెట్టుకున్నాడు. ఊపిరి కొంచెం గట్టిగా తీస్తున్నాడు, తొందరగా నడిచి వచ్చినందుకు.

"అండ్ల ఇప్పుడు సస్తున్నవా?"

"ఇంకా లేదు. సీను పెద్దది."

 చెన్నమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. పసిపిల్లవాణ్ణి రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు, గాజులు గుచ్చుకునేంత గట్టిగా. అలాగే లాక్కుంటూ తలుపు దగ్గరికి పోయి, పరదా జరిపి, గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది.

తెర మీద కొడుకులు వాదులాడుకుంటున్నారు. సావుకారి చేతిలో చాయ్ సాసర్. కళ్లు పెద్దవాడి మీదికి, చిన్నవాడి మీదికి మారుతున్నాయి. కాసేపటికి దూరంగా పొలం వైపు నిలిచాయి. చిన్నవాడు గొంతు పెంచాడు. పెద్దవాడు లేచి నిలబడ్డాడు. సావుకారి అలాగే చూస్తున్నాడు.

"చాయ సల్లారుతున్నది, తాగడేంది?" అని గొణిగింది చెన్నమ్మ.

 గురులింగప్ప తెరను కాదు, ఆమె మొహాన్ని చూస్తున్నాడు.

పెద్దకొడుకు "నాయినా, నువ్వే చెప్పు" అని తండ్రి వైపు తిరిగాడు. తండ్రి చెప్పలేదు. సాసర్లో చాయ్ ఒక అంచుకు చేరింది. హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. మణికట్టు మీద పట్టు బిగిసింది. ఆమె వేళ్ల కింద తన నాడి కొట్టుకోవడం గురులింగప్పకే తెలుస్తోంది.

చెన్నమ్మ తల తిప్పకుండానే అడిగింది.

"ఎప్పుడు పోయినవ్?"

"నీకు తెలువలేదా?"

"తెలువలే. సూస్తనే ఉన్న. చిన్నోడు ఒర్లినప్పుడా, పెద్దోడు లేసినప్పుడా... తెలువనేలే."

  ఏళ్ల తరబడి చివరి వరస దాకా వినబడిన గొంతు ఇప్పుడు పక్కనున్న ఆమెకు మాత్రమే వినబడింది.

"ఇప్పుడు కూసోబెడ్తరు" అన్నాడు. "బయటికి పోదాం పా."

"కూసోబెట్టనీ." ఆయన చెయ్యి వదలకుండానే చెన్నమ్మ చీకట్లోకి అడుగుపెట్టింది. "నడువు, పోయి కూసుందం. నువ్వు పోయినంక ఈ గాడ్దికొడుకులు ఏం జేస్తరో సూడాలె."